ఓవెన్ అక్కర్లేని తీపి-ఉప్పు స్నాక్ మిక్స్: ఆరు పద్ధతుల్లో మీకు ఏది?

ప్రెట్జెల్స్ (ముడి ఆకారంలో కరకరలాడే ఉప్పు బిస్కెట్లు), సీరియల్, పప్పులు, చాక్లెట్. తీపి-ఉప్పు మిక్స్‌లో ఎవరు చేసినా ఇంచుమించు ఇవే పడతాయి. తేడా అంతా వాటికి పట్టించే పూతలో ఉంటుంది. మిక్స్ ఎన్నాళ్లు కరకరలాడుతుంది, వేడి గదిలో చేతికి అంటుకుంటుందా, మూడు రోజుల ముందే చేసి పెట్టుకోవచ్చా అన్నవన్నీ పూతే తేలుస్తుంది. కాబట్టి సరుకుల జాబితా రాసుకునే ముందే పూత ఎంచుకోండి. ఓవెన్ వాడకుండా చేసే పద్ధతుల్లో ఆరు బాగా కుదురుతాయి: కాంపౌండ్ చాక్లెట్ (కోకో బటర్ బదులు వెజిటబుల్ ఫ్యాట్‌తో చేసేది), కోకో బటర్ ఉన్న అసలు చాక్లెట్, పీనట్ బటర్-చాక్లెట్ మీద చక్కెర పొడి, పొయ్యి మీద కాచిన వెన్న పాకం, మార్ష్‌మాలో, అసలు పూతే లేని పొడి మిక్స్.

ముందుగా చూసుకోవలసినవి

రుచిని చివరికి వదిలేయండి, ఆరూ రుచిగానే ఉంటాయి. ముందు చూడాల్సింది పార్టీ జరిగే గది ఎంత వేడిగా ఉంటుందన్నది. చాక్లెట్‌లోని కోకో బటర్ 34 డిగ్రీల సెల్సియస్ దగ్గర పూర్తిగా కరిగిపోతుంది, అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. జనం నిండిన గదిలో, దీపాల కింద పెట్టిన గిన్నెలో వేడి మీరు అనుకున్నదానికన్నా ఎక్కువే ఉంటుంది.

తర్వాతది గాలిలో తేమ. చాక్లెట్ పూత కొవ్వుతో చేసినది కాబట్టి తేమను లోపలికి తొందరగా పోనివ్వదు. ఒక రకంగా సీరియల్‌కి గొడుగు పట్టినట్టే. చక్కెర పాకం దీనికి పూర్తిగా వ్యతిరేకం, గాలిలోని తేమను తనే లాక్కుంటుంది. వాన పట్టిన రోజున చేసిన పాకం మిక్స్ కొన్ని గంటల్లోనే జిగటగా మారడానికి కారణం ఇదే.

ఎన్ని రోజుల ముందు చేస్తారు, తినేవాళ్లలో ఎవరున్నారు అన్నవి మిగతా రెండు ప్రశ్నలు. పల్లీలు, బాదం, జీడిపప్పు పడనివాళ్లు, గోధుమ పడనివాళ్లు, శాకాహారులు, నాలుగేళ్లలోపు పిల్లలు: ఈ నలుగురిలో ఎవరున్నా పద్ధతి మారుతుంది. వండేటప్పుడు పక్కన పిల్లలు సాయం చేస్తారా అన్నది కూడా అడగాల్సిందే, ఎందుకంటే ఒక పద్ధతిలో పాకం 150 డిగ్రీలకు చేరుతుంది.

అన్నింటికీ కావలసిన మూల సరుకు

పూత ఏదైనా కింది కొలతలతో మొదలుపెట్టవచ్చు. మార్పులు అవసరమైన చోట చెబుతాను.

- బియ్యంతోనో మొక్కజొన్నతోనో చేసిన చదరపు సీరియల్: 200 గ్రాములు
- చిన్న ప్రెట్జెల్స్: 150 గ్రాములు
- వేయించిన పప్పులు (పల్లీలు, బాదం, జీడిపప్పు ఏవైనా): 150 గ్రాములు

మొత్తం 500 గ్రాములు, కప్పుల లెక్కలో 11 నుంచి 12 కప్పులు. దీనికి 350 గ్రాముల చాక్లెట్ పూత, పైన 100 గ్రాముల రంగు చాక్లెట్ బిళ్లలు కలిస్తే 950 గ్రాములు అవుతుంది. మనిషికి 50 గ్రాముల చొప్పున 18 లేదా 19 మందికి సరిపోతుంది. ఇతర తినుబండారాలు చాలా ఉంటే ఒక్కొక్కరికి 40 గ్రాములు చాలు.

పప్పులు పచ్చివైతే అడుగు మందంగా ఉన్న మూకుడులో సన్నటి సెగ మీద కలుపుతూ వేయించండి. బాదానికి 6 నుంచి 8 నిమిషాలు, పల్లీలకు 8 నుంచి 10 నిమిషాలు పడుతుంది. తర్వాత పూర్తిగా చల్లారనివ్వాలి. గోరువెచ్చగా ఉన్నప్పుడే కలిపేస్తే అందులోంచి వచ్చే ఆవిరి సీరియల్‌ని మెత్తబరుస్తుంది. వాల్‌నట్లు, పెకాన్లు త్వరగా ముక్కవాసన కొడతాయి, కాబట్టి వారం ముందు చేసే మిక్స్‌లో అవి వద్దు.

ఎండుద్రాక్ష, ఎండిన క్రాన్‌బెర్రీలు వేయాలని చాలామందికి ఉంటుంది. వేయండి, కాని వడ్డించే ముందు మాత్రమే. అవి తాకి చూస్తే పొడిగానే ఉన్నా లోపల తేమ ఉంటుంది. మూత పెట్టిన డబ్బాలో ఆ తేమ ప్రెట్జెల్స్‌లోకి చేరుతుంది. ఒక్క రాత్రిలో ప్రెట్జెల్స్ మెత్తబడతాయి, ద్రాక్ష గట్టిపడుతుంది. రెండూ పాడైనట్టే.

ఉప్పు ఎక్కడ పడాలి

ఈ మిక్స్‌లో ఎక్కువమంది పొరపాటు చేసేది ఇక్కడే. కరిగిన చాక్లెట్‌లో ఉప్పు వేసి కలిపేస్తారు. చాక్లెట్‌లో నీరు ఉండదు కాబట్టి ఉప్పు కరగదు. ఒక్కో పలుకు చుట్టూ కొవ్వు కమ్ముకుంటుంది, నాలుకకు ఉప్పదనం ఆలస్యంగా, మందంగా తెలుస్తుంది. దాంతో ఇంకాస్త వేస్తారు, చివరికి తీపి వెళ్లిపోయాక ఉత్త ఉప్పు మిగులుతుంది.

ఉప్పు పూత పైనే ఉండాలి. పూత పట్టించి పళ్లెంలో పరిచాక, మెరుపు ఇంకా తగ్గక ముందే, రేకుల్లా ఉండే ఉప్పు అర టీస్పూను చల్లండి. ఈ రకం ఉప్పు తేలిగ్గా ఉంటుంది కాబట్టి అంత కొంచెమే మిక్స్ అంతటా పరుచుకుంటుంది. మెత్తటి ఉప్పైతే పావు టీస్పూనుకు మించవద్దు, అదే చెంచాలో బరువు చాలా ఎక్కువ పడుతుంది. ప్రెట్జెల్స్‌కీ పప్పులకీ ముందే ఉప్పు పట్టించి ఉంటే ఒకటి తిని చూసి, పైన చల్లేది సగానికి తగ్గించండి. పూత గట్టిపడ్డాక చల్లిన ఉప్పు అంటుకోదు, అడుగున చేరి చివర తిన్నవాళ్ల నోట్లో పడుతుంది.

ఒక్క చూపులో

| పద్ధతి | చేసే సమయం | వేడి గదిలో | తేమలో | ఎన్నాళ్లు బాగుంటుంది |
|---|---|---|---|---|
| కాంపౌండ్ చాక్లెట్ | 30 నిమిషాలు | ఫరవాలేదు | బాగుంటుంది | 2 వారాలు |
| అసలు చాక్లెట్ | గంట | అంటుకుంటుంది | బాగుంటుంది | 2 వారాలు |
| పీనట్ బటర్, చక్కెర పొడి | 40 నిమిషాలు | మెత్తబడుతుంది | పొడి చెమరుస్తుంది | 5 నుంచి 7 రోజులు |
| వెన్న పాకం | 45 నిమిషాలు | బాగుంటుంది | జిగటవుతుంది | పొడి వాతావరణంలో వారం |
| మార్ష్‌మాలో | 20 నిమిషాలు | ఫరవాలేదు | జిగటవుతుంది | 2 రోజులు |
| పూత లేనిది | 5 నిమిషాలు | బాగుంటుంది | త్వరగా మెత్తబడుతుంది | మూత గట్టిగా పెడితే 2 వారాలు |

కాంపౌండ్ చాక్లెట్

దీన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఎక్కువ. అయినా మొదటిసారి చేసేవాళ్లకు మేం మొదట చెప్పేది దీన్నే. ఇందులో కోకో బటర్ బదులు పామ్ కెర్నెల్ లాంటి వెజిటబుల్ ఫ్యాట్ ఉంటుంది. కరిగించి చల్లారిస్తే తనంతట తనే గట్టిపడి మెరుస్తుంది, టెంపరింగ్ (కరిగించిన చాక్లెట్‌ని లెక్క ప్రకారం చల్లార్చి మెరుపు తెచ్చే పని) అవసరం లేదు. నోట్లో మైనంలా కాస్త ఆగుతుందన్న మాట నిజమే, కాని ప్రెట్జెల్ కరకరలో, ఉప్పులో ఆ లోపం పెద్దగా బయటపడదు.

350 గ్రాముల కాంపౌండ్‌ని చిన్న ముక్కలుగా తరిగి, పొడిగా తుడిచిన గాజు గిన్నెలో వేయండి. మైక్రోవేవ్ సగం పవర్‌లో 30 సెకన్ల చొప్పున వేడి చేస్తూ, ప్రతిసారీ బయటకు తీసి కలపాలి. నాలుగింట మూడొంతులు కరిగాక ఆపేసి, మిగిలిన ముక్కలు ఆ వేడికే కరిగేలా కలుపుతూ ఉండండి. తెల్లదైతే మరీ జాగ్రత్త: అందులో పాల పదార్థం ఎక్కువ, వేడి 45 డిగ్రీలు దాటితే గడ్డకట్టి ఇసుకలా అవుతుంది. అలా మాడినదాన్ని మళ్లీ బాగు చేయలేం.

చిక్కగా ఉంటే 200 గ్రాములకు ఒక టీస్పూను కొబ్బరి నూనె కలపండి. వెన్న వద్దు, అందులో ఆరో వంతు దాకా నీరుంటుంది. ఒక్క నీటి చుక్క పడినా చాక్లెట్‌లోని చక్కెర తడిసి, పలుకులు ఒకదానికొకటి అంటుకుని ముద్ద బిగుసుకుపోతుంది. తడి గరిటె, గిన్నె మీద పెట్టిన మూత నుంచి జారిన ఆవిరి చుక్క: ఎక్కువసార్లు కారణం ఈ రెండే. బిగుసుకున్నదాన్ని వేడి పాలు పోసి సాస్‌గా వాడుకోవచ్చు గాని పూతకు పనికిరాదు.

పెద్ద గిన్నెలో ముందు సీరియల్, పప్పులు వేసి పూతలో మూడింట రెండొంతులు పోయండి. రెండు వెడల్పు గరిటెలతో అడుగునుంచి పైకి తిప్పుతూ కలపాలి. అడ్డంగా తిప్పితే సీరియల్ నలిగి పొడి అవుతుంది. ప్రెట్జెల్స్ చివర్లో వేసి మిగిలిన పూత పోయండి. రంగు బిళ్లలు గిన్నె అడుగు అరచేతికి వేడిగా తగలనప్పుడే వేయాలి, లేకపోతే వాటి లోపలి చాక్లెట్ కరిగి పైపెంకు పగులుతుంది. బేకింగ్ పేపర్ మీద ఒకే పొరగా పరిచి, ఉప్పు చల్లి, గదిలోనే 40 నిమిషాలు ఆరనివ్వండి.

అసలు చాక్లెట్

డార్క్ చాక్లెట్‌కీ ఉప్పుకీ కుదిరే జోడీ మరే పూతకీ రాదు. ఉప్పు చేదును అణచి చాక్లెట్ రుచిని పైకి తెస్తుంది. తినేవాళ్లు పెద్దవాళ్లు, గది చల్లగా ఉంటుంది, మీకు ఓపిక ఉంది అంటే ఇదే చేయండి.

ఓపిక ఎందుకంటే కోకో బటర్ కరిగి మళ్లీ గట్టిపడేటప్పుడు రకరకాల స్ఫటికాలుగా మారుతుంది, వాటిలో మెరుపూ పుటుక్కున విరిగే గుణమూ ఇచ్చేది ఒక్కటే. ఆ ఒక్కదాన్ని రాబట్టే పనినే టెంపరింగ్ అంటారు. ఇంట్లో సులువైన మార్గం ఇది: మూడింట రెండొంతుల చాక్లెట్‌ని 45 డిగ్రీల దాకా కరిగించి, మిగిలిన వంతును సన్నగా తరిగి అందులో వేసి, డార్క్‌కి 31-32, మిల్క్‌కి 29-30, తెల్లదానికి 28-29 డిగ్రీలకు దిగేదాకా కలుపుతూ ఉండండి. కత్తి మొనకు కాస్త పూసి చూడండి. 20 డిగ్రీల గదిలో అయిదు నిమిషాల్లో మెరుస్తూ గట్టిపడితే సిద్ధమైనట్టే. ఈ పని వదిలేస్తే పూత వేలికి అంటుతుంది, రెండు రోజులకు బూడిద రంగు చారలు తేలతాయి. ఆ చారలు బూజు కాదు, తినవచ్చు. చూడటానికి మాత్రం బాగుండదు.

థర్మామీటరు లేనివాళ్లకు మధ్యేమార్గం ఉంది. అన్నిటికీ పూత పట్టించకుండా, పరిచిన మిక్స్ మీద 150 గ్రాముల చాక్లెట్‌ని ఫోర్కుతో సన్నటి తీగలుగా జారవిడవండి. టెంపరింగ్ కాస్త తప్పినా కనిపించదు, ఉప్పూ బయటే ఉంటుంది. చాక్లెట్ చిప్స్ మాత్రం ఇందుకు వద్దు. ఆకారం చెడకుండా ఉండాలని వాటిలో కోకో బటర్ తక్కువ వేస్తారు, కరిగాక ధార రాదు.

పీనట్ బటర్, చాక్లెట్, పైన చక్కెర పొడి

పిల్లల పార్టీలో ముందుగా ఖాళీ అయ్యే గిన్నె ఇదే. దీనికి కొలతలు వేరు: 270 గ్రాముల సీరియల్, 170 గ్రాముల చాక్లెట్, 125 గ్రాముల పీనట్ బటర్, 55 గ్రాముల వెన్న, 180 గ్రాముల చక్కెర పొడి. ఇక్కడ వెన్న చాక్లెట్‌ని బిగించదు, ఎందుకంటే పీనట్ బటర్ నూనె కూడా కలిసి ముద్ద జారుగా ఉండటానికి చాలినంత కొవ్వు ఉంటుంది.

ఈ పూత ఎప్పటికీ గట్టిపడదు. పల్లీ నూనె కోకో బటర్‌తో కలిసినప్పుడు ఆ మిశ్రమం గది వేడికే మెత్తగా ఉండిపోతుంది. చక్కెర పొడి పని తీపి ఒక్కటే కాదు, ముక్కలు అతుక్కోకుండా ఆపేది కూడా అదే. దాన్ని ఎప్పుడు వేస్తారన్నది చాలా ముఖ్యం. పూత వేడిగా ఉన్నప్పుడు వేస్తే పొడి అందులోకి ఇంకి బూడిద రంగు పేస్టు అవుతుంది, పూర్తిగా చల్లారితే అంటుకోదు. ముక్క పట్టుకుంటే గోరువెచ్చగా ఉన్నప్పుడు సగం పొడితో పెద్ద డబ్బాలో వేసి మూత పెట్టి ఊపండి. అయిదు నిమిషాలు ఆగి మిగిలిన సగం వేసి మళ్లీ ఊపండి. పైన నూనె తేలే రకం పీనట్ బటర్ వాడితే పొడి తడిసి మరకలు పడతాయి, నూనె తేలనిదే కొనండి.

ప్రెట్జెల్స్‌ని ఇందులో ముంచవద్దు. వాటి మీది ఉప్పు చాక్లెట్ కిందా చక్కెర కిందా పడి కనిపించకుండా పోతుంది, మిక్స్ ఉత్త తీపిగా మిగులుతుంది. ఉప్పు వేసి వేయించిన పల్లీలు 100 గ్రాములు, ప్రెట్జెల్స్ 150 గ్రాములు విడిగా ఉంచి, అంతా చల్లారాక కలపండి. అప్పుడే ఇది తీపి-ఉప్పు మిక్స్ అవుతుంది. వేళ్లకూ ముదురు రంగు బట్టలకూ పొడి అంటుతుంది కాబట్టి చిన్న కాగితపు కప్పుల్లో పంచితే మంచిది. పల్లీలు పడనివాళ్లుంటే పొద్దుతిరుగుడు గింజల బటర్ అదే కొలతలో సరిపోతుంది, విడిగా కలిపే పల్లీలు కూడా మానేయండి.

వెన్న పాకం

కారమెల్ పాప్‌కార్న్ లాంటి రుచి ఇది ఒక్కటే ఇస్తుంది. మామూలుగా ఈ పాకం పట్టించాక ఓవెన్లో 120 డిగ్రీల దగ్గర ముప్పావు గంటో గంటో ఉంచి ఆరబెడతారు. ఓవెన్ లేదంటే ఆ ఆరడం పొయ్యి మీదే జరగాలి, అంటే పాకాన్ని ముదురు దాకా కాచాలి. ఉండపాకం (118 డిగ్రీలు) దగ్గర దించితే మిక్స్ పళ్లకు పట్టుకుంటుంది. 150 డిగ్రీలు చేరాక దించినదే గాజులా విరుగుతుంది. థర్మామీటరు లేకపోతే చన్నీళ్లలో ఒక చుక్క వేసి చూడండి: నొక్కితే వంగకుండా పుటుక్కున విరగాలి, గిన్నెకేసి కొడితే ఠంగుమనాలి.

సీరియల్ తగ్గించి దాని బదులు పాప్‌కార్న్ వేస్తే ఇంకా బాగుంటుంది. పేల్చాక పది నిమిషాలు పరిచి ఆవిరి పోనిచ్చి, పేలని గింజలు ఒక్కటి లేకుండా ఏరేయండి. పాకం కింద దాగిన గట్టి గింజ పన్ను విరగ్గొట్టగలదు.

200 గ్రాముల చక్కెర, 110 గ్రాముల వెన్న, 60 మిల్లీలీటర్ల గ్లూకోజ్ సిరప్, అర టీస్పూను ఉప్పు అడుగు మందంగా ఉన్న లోతైన గిన్నెలో పెట్టి మధ్యస్థమైన సెగ మీద కరిగించండి. గ్లూకోజ్ సిరప్ లేకపోతే పాకం మళ్లీ చక్కెర పలుకులుగా మారిపోయే ప్రమాదం ఎక్కువ. సెగ ఒక్కసారిగా పెంచినా తగ్గించినా వెన్న విడిపోయి పైకి తేలుతుంది. అప్పుడు ఒక టేబుల్‌స్పూను వేడి నీళ్లు దూరంగా నిలబడి పోసి, కలిసేదాకా తిప్పి, మళ్లీ 150కి తీసుకెళ్లండి. దించగానే అర టీస్పూను వంట సోడా వేయాలి. పాకం నురగలా పొంగుతుంది, ఆ గాలి బుడగల వల్లే పూత పలచగా పరుచుకుని తేలిగ్గా విరుగుతుంది. ఉప్పు ఇక్కడ పాకంలోనే కరుగుతుంది, చాక్లెట్ పూతకూ దీనికీ ఉన్న ముఖ్యమైన తేడా అదే.

పాకం పోయడానికి ముందు సరుకును పెద్ద మూకుడులో అతి సన్నటి సెగ మీద గోరువెచ్చగా చేసి ఉంచండి. చల్లటి సరుకు మీద పోస్తే కలపకముందే గడ్డకడుతుంది. పరవడానికి బేకింగ్ పేపర్ గాని నూనె రాసిన స్టీలు పళ్లెం గాని వాడండి. మైనపు పేపర్ ఈ వేడికి కరుగుతుంది. ఈ పాకం చర్మం మీద పడితే అతుక్కుని కాలుస్తుంది కాబట్టి పిల్లలు వంటగదిలో ఉన్నంతసేపూ దీన్ని మొదలుపెట్టవద్దు.

మార్ష్‌మాలో

300 గ్రాముల మార్ష్‌మాలో, 45 గ్రాముల వెన్న సన్నటి సెగ మీద కరిగించి 350 గ్రాముల సరుకులో కలపడమే. సెగ ఎక్కువైతే చల్లారాక రాయిలా అవుతుంది. విడివిడిగా ఉండే మిక్స్ దీంతో రాదు, ఉండలో ముక్కలో అవుతాయి. మామూలు మార్ష్‌మాలోలో జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉంటుంది, శాకాహారులు ఉంటే జెలటిన్ లేనిది చూసి కొనాలి.

పూత లేని పొడి మిక్స్

గంటలో అతిథులు వస్తున్నారంటే ఆలోచించకుండా ఇది చేయండి. ఉప్పు వేసిన పప్పులు, ప్రెట్జెల్స్, ఏదైనా తీపి పూత ఉన్న సీరియల్, రంగు చాక్లెట్ బిళ్లలు కలిపేస్తే చాలు. ఒక్క చిక్కు: గిన్నె కదిలినప్పుడల్లా చిన్నవి కిందికి జారి పెద్దవి పైకి తేలతాయి. ముక్కలన్నీ దాదాపు ఒకే సైజులో ఉండేలా ఎంచుకోండి, లోతు గిన్నె బదులు వెడల్పు పళ్లెంలో పెట్టండి.

మీ పరిస్థితికి ఏది

ఎండాకాలం పార్టీ, లేదా ఆరుబయట వడ్డన అయితే పొడి వాతావరణంలో వెన్న పాకం, తేమ ఉన్న చోట కాంపౌండ్. అసలు చాక్లెట్ ఆ రోజుకు మర్చిపోండి. పొట్లాలు కట్టి బహుమతిగా ఇవ్వాలంటే కాంపౌండే, దూరం వెళ్లినా రూపు చెడదు. పొట్లం మీద పల్లీలు, గోధుమ, పాలు ఏవి ఉన్నాయో రాయండి. రకరకాల పప్పులు పడనివాళ్లు వస్తున్నారంటే పప్పుల బదులు అంతే బరువు గుమ్మడి, పొద్దుతిరుగుడు గింజలు వేసి, పప్పులు ముట్టని గరిటెలూ గిన్నెలతో చేయండి. పక్కపక్కనే రెండు రకాలు చేసి వేరే గిన్నెల్లో పెట్టడం వాళ్లకు భద్రం కాదు, ఒకే చెంచా రెండింట్లోనూ తిరుగుతుంది. గోధుమలోని గ్లూటెన్ అనే ప్రొటీన్ పడనివాళ్లకు ప్రెట్జెల్స్ తీసేయడం ఒక్కటే చాలదు. బియ్యం, మొక్కజొన్న సీరియల్స్ కొన్నిటిలో బార్లీ మాల్ట్ ఉంటుంది, అందులోనూ గ్లూటెన్ ఉంటుంది, అట్ట మీద చదవండి. నాలుగేళ్లలోపు పిల్లలకు నిండు పప్పులూ పాప్‌కార్నూ గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. వాళ్లకు ఇందులోంచి ఏదీ ఏరి ఇవ్వకుండా వేరే ఏదైనా పెట్టండి.

రెండు పద్ధతుల మధ్య ఇంకా తేలకపోతే కాంపౌండ్‌తో మిక్స్ చేసి, పైన కాస్త డార్క్ చాక్లెట్ తీగలు వేయండి. పని అరగంటే, రుచిలో మైనపు ఛాయ చాలావరకు తగ్గుతుంది.

దాచడం

ఫ్రిజ్‌లో పెట్టాల్సిన అవసరం చాలాసార్లు ఉండదు. తొందరగా గట్టిపడాలంటే చాక్లెట్ పూతను 10 నుంచి 15 నిమిషాలు పెట్టి తీసేయండి. రోజుల తరబడి పెట్టక తప్పకపోతే గాలి చొరని డబ్బాలో పెట్టి, బయటకు తీశాక మూత తెరవకుండా గంట వదిలేయండి. చల్లటి మిక్స్‌కి గదిలోని గాలి తగలగానే పైన నీరు పడుతుంది, చాక్లెట్ మీద తెల్లటి చక్కెర పొర తేలుతుంది, రంగు బిళ్లల రంగు కారుతుంది. పాకం మిక్స్‌ని ఫ్రిజ్‌లో అసలు పెట్టవద్దు. చల్లారిన వెంటనే డబ్బాలో వేసి మూత బిగించాలి, రాత్రంతా పళ్లెంలో వదిలేస్తే పొద్దునకు జిగటవుతుంది. గిన్నెలో కూడా ఒక్కసారే మొత్తం పోయకుండా మూడో వంతు పోసి, ఖాళీ అయ్యేకొద్దీ డబ్బాలోంచి నింపుతూ ఉండండి.